పటం గీస్తూ ఒంటరిగా ఆడే ఆటలో ఊహానగరానికి చరిత్ర ఎలా వస్తుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఒక్కరే కూర్చుని పటం గీస్తూ ఆడే ఆటతో ఒక ఊహానగరానికి మూడు వందల ఏళ్ల చరిత్ర తయారు చేద్దామని మూడుసార్లు మొదలుపెట్టారు. ప్రతిసారీ పది పన్నెండు మలుపులు తిరిగేసరికి యుద్ధం, కరువు, కొత్త రాజు, జాతర అంటూ ఒక జాబితా మిగులుతోంది తప్ప, అది ఒక ఊరి చరిత్రలా అనిపించడం లేదు. నా మొదటి రెండు పటాలకూ సరిగ్గా ఇదే జరిగింది. నేను హనుమకొండలో ఒక సర్వేయరు దగ్గర నక్షాలు గీసే పని చేస్తాను, ఈ ఆట నాలుగేళ్లుగా ఆడుతున్నాను. మూడో పటం ఎందుకు నిలబడిందో నాకు స్పష్టంగా తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. అవెరీ ఆల్డర్ రూపొందించిన ‘ద క్వైట్ ఇయర్’ 2013లో వచ్చింది. అందులో పేకముక్కలు 52, ఒక్కో ముక్క ఒక వారం, నాలుగు రంగులు నాలుగు ఋతువులు, ఇస్పేటు రాజు రాగానే ఆట ముగుస్తుంది. అది ఇద్దరు నుంచి నలుగురు కూర్చుని ఆడడానికి తయారైన ఆటే అయినా ఒక్కరికి మలుచుకోవడం కష్టం కాదు. పాచికలతో నగరాన్ని పుట్టుక నుంచి పెంచే ‘ఎక్స్ నోవో’ను ఒక్కరు కూడా ఆడవచ్చు. నేను పేకముక్కలే వాడతాను గానీ, చరిత్ర కోసం లెక్క మార్చుకున్నాను. తీసిన ప్రతి ముక్కా ఒక సంఘటన, ఒక్కో ముక్కకు ఆరేళ్లు, అంటే మొత్తం 312 ఏళ్లు. ఆటీను అంటే నీరు, పంట; డైమను అంటే వ్యాపారం, చేతిపనులు; కళావరు అంటే వచ్చే మనుషులు, పోయే మనుషులు, తగాదాలు; ఇస్పేటు అంటే నష్టం. ముక్క మీద ఉన్న అంకె ఆ సంఘటన ఎంత పెద్దదో చెబుతుంది, బొమ్మ ముక్క వస్తే ఒక వ్యక్తి రంగం మీదికి వస్తారు. చరిత్ర ఋతువుల వరుసలో నడవదు కాబట్టి నాలుగు రంగులనూ ఒకే కట్టగా చేసి కలుపుతాను. ఇస్పేటు రాజుతో ఆట ఆపకుండా, ఆ ముక్కతో పాలన చేతులు మారేలా పెట్టుకున్నాను.

మొదటి పటంలో నేను చాలా అందమైన నగరాన్ని గీశాను. గుండ్రని కోట, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, నడిమధ్యన గుడి, పక్కన రాజుగారి మహలు. చిన్నప్పటి నుంచి చూసిన ఓరుగల్లు కోటే చేతిలోంచి అలా వచ్చేసింది. చూడడానికి బాగుంది గానీ, ఆ నగరంలో ఏదీ దేని మీదా ఆధారపడి లేదు. కరువు ముక్క వస్తే పక్కన ‘కరువు వచ్చింది’ అని రాశాను, పటం మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. యుద్ధం వచ్చింది, పటం అలాగే ఉంది. మీ దగ్గర మిగిలిన జాబితా కూడా ఇలాగే తయారై ఉంటుందని నా అనుమానం.

అందుకే మూడోసారి నీటితో మొదలుపెట్టాను. మా తాత పరకాల వైపు ఒక ఊళ్లో నీరటికాడు. ఏ తూము కింద ఎవరి మడి ఉంది, ఏ రాత్రి ఎవరి వంతు, మత్తడి (చెరువు అలుగు) దూకితే ఆ నీరు ఏ కింది చెరువులో చేరుతుంది అన్నది ఆయనకు నోటికి వచ్చు, ఊరి తగాదాలన్నీ ఆ లెక్కలోంచే పుట్టేవని చెప్పేవారు. మన ఉత్తర తెలంగాణలో ఊళ్లు ఇలాగే నిలబడ్డాయి. కాకతీయుల కాలంలో తవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. కాబట్టి ఖాళీ కాగితం మీద ముందు గుట్టలు, వాలు, వాగు గీయండి. వాగుకు అడ్డంగా కట్ట వేయండి, తూములు పెట్టండి, కింద ఆయకట్టు గీయండి, మిగులు నీరు పోవడానికి మత్తడి చూపండి. ఇంతవరకు గీస్తే మనుషులు ఎక్కడ ఉంటారో సగం తేలిపోతుంది. అద్దకం పని వాళ్లకు పారే నీరు కావాలి, కుమ్మరికి మన్ను కావాలి, ధాన్యపు కొట్లకు తడి తగలని మెరక కావాలి. కోటను, గుడిని ఆ తరువాత పెట్టవచ్చు.

కొలబద్ద తప్పక పెట్టుకోండి. నేను ఏ3 కాగితం మీద ఒక సెంటీమీటరుకు 100 మీటర్లు పెట్టుకుంటాను. అప్పుడు కాగితం మొత్తం సుమారు 4 కిలోమీటర్లు, 3 కిలోమీటర్లు అవుతుంది. ఓరుగల్లు రాతికోట అడ్డకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, దాని చుట్టూ ఉన్న మట్టికోట అడ్డకొలత సుమారు 2.4 కిలోమీటర్లు, నా కాగితం మీద అవి 12 సెంటీమీటర్లు, 24 సెంటీమీటర్లు. ఈ పోలిక చేతిలో ఉంటే ఊహానగరం కొలతలు అదుపు తప్పవు. వీలైతే ఒక ఉదయం కోటకు వెళ్లి, మట్టికోటకు రాతికోటకు మధ్య ఉన్న పొలాల వెంట నడిచి చూడండి. కోట అంటే లోపల అంతా ఇళ్లే ఉండాలన్న అభిప్రాయం నాకు అక్కడే పోయింది.

ఇక అసలు సంగతి. నేను రబ్బరు వాడను. ఒకసారి గీసిన గీత ఎన్నడూ చెరగదు. కూలిన దాని మీద పెన్సిలుతో అడ్డగీతలు పెడతాను, పాడుబడిన దాన్ని చుక్కలతో చుడతాను, కొత్తది వేరే సిరాతో గీస్తాను. ముక్క తీసిన ప్రతిసారీ నన్ను నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది అంతకుముందు గీసిన దేని మీద పడింది? దేని మీదా పడకపోతే ఆ సంఘటనను రాయను, పడే చోటు దొరికేదాకా పటాన్ని చూస్తూ కూర్చుంటాను. ఒక్కోసారి ఒక ముక్కకు ఒక సాయంత్రం పడుతుంది, పట్టనివ్వాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. నా నగరం పేరు ఏడుతూములు. పెద్ద చెరువుకు ఉత్తరం నుంచి దక్షిణానికి 900 మీటర్ల కట్ట, దానికి ఏడు తూములు ఉన్నందున ఆ పేరు పెట్టాను. పందొమ్మిదో ముక్కగా, అంటే నగరం పుట్టిన 114వ ఏడు దగ్గరలో, ఇస్పేటు ఏడు వచ్చింది. నష్టం, అదీ కాస్త పెద్దది. కాగితం మీద పెద్దది ఏముందని చూస్తే కట్టే కనిపించింది, కాబట్టి ఆరో తూము దగ్గర కట్ట తెగింది. ఆ తూము కిందనే, పారే నీరు ఉంటుందని, అద్దకం చేసే నేత కుటుంబాలను పెట్టి ఉన్నాను. పెన్సిలుతో ఆ వీధి మీద అడ్డగీతలు పెడుతుంటే నా చేయి నిజంగా ఆగింది, ఎందుకంటే ఆ వీధిలో పదకొండు ఇళ్లను అంతకు వారం ముందే ఒక్కొక్కటిగా గీశాను. బతికినవాళ్లు ఎక్కడికి పోతారు? మళ్లీ ముంపు రాని చోటికి, అంటే తూర్పు గుట్ట పక్కన రాతినేలకు. అక్కడ పారే నీరు లేదు, కాబట్టి బావులు తవ్వుకున్నారు. గుట్ట పక్కన వరుసగా ఆరు చిన్న సున్నాలు చుట్టాను. ఆ వీధికి రంగుబావులు అన్న పేరు దానంతట అదే వచ్చింది.

ఇరవై ఆరో ముక్క ఆటీను నాలుగు. నీటి విషయంలో మేలు జరిగింది గానీ చిన్న మేలు. నాలుగుతో కట్ట మొత్తం తిరిగి రాదు. అందువల్ల ఐదో తూము దగ్గర కట్టను మలిపి పడమటి గుట్టకు కలిపారు, చెరువు చిన్నదైంది. ఆరు, ఏడు తూముల రాతి స్తంభాలు పొడినేల మీద నిలబడిపోయాయి, ఊరి పేరు మాత్రం ఏడుతూములుగానే ఉంది. నీళ్లు పోయిన చెరువు గర్భం, మనం శిఖం అనే భూమి, మంచి ఒండ్రుతో ఖాళీగా పడి ఉంది. ముప్పై ఒకటో ముక్క కళావరు తొమ్మిది, అంటే పెద్ద గుంపుగా మనుషులు వచ్చారు. వాళ్లకు పటం మీద ఉన్న ఖాళీ జాగా అదొక్కటే. దానికి మడుగుపేట అని పేరు పెట్టాను. అయితే ఆరు, ఏడు తూముల కింద సాగు చేసుకునే రైతులకు నీరు పోయి పొలాలు మెట్టగా మారి ఉన్నాయి కదా, అందుకు బదులుగా ఆ శిఖం తమకే రావాలని వాళ్ల వాదన. ఈ తగాదాను నేను కల్పించలేదు. రెండు పాత గీతలు, ఒక కొత్త ముక్క కలిసి దాన్ని నా ముందు పెట్టాయి.

నలభై నాలుగో ముక్కగా ఆటీను పది వచ్చినప్పుడు నిండు పంట రాద్దామని ఉత్సాహంగా కలం తీశాను. పటం చూశాక ఆగిపోయాను. అంత వాన పడితే ఐదు తూముల కింద ఆయకట్టు పండుతుంది నిజమే, కానీ నీరు తన పాత జాగాకు వస్తుంది, ఆ జాగాలో ఇప్పుడు మడుగుపేట ఉంది. ఒకే ముక్క ఊరిలో సగానికి పండుగ, సగానికి ముంపు అయింది. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయాయో చూసినవాణ్ణి కాబట్టి, ఆ రోజు మడుగుపేట పేజీ రాయడం నాకు తేలిక కాలేదు, కానీ ఆ పటంలో నేను రాసిన వాటిలో నాకు బాగా నచ్చిన పేజీ అదే.

పేర్ల విషయంలోనూ చెరపకపోవడమే పాటిస్తాను. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చారు. ఆ పేరు నిలవలేదు, ఓరుగల్లు నిలిచింది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు 2002లో మూతపడింది, మిల్స్ కాలనీ అనే పేరు ఇప్పటికీ ఉంది. కాబట్టి పాలన చేతులు మారినప్పుడు కొత్త పేరును సిరాతో రాసి, జనం వాడుకలో ఉన్న పాత పేరును దాని కింద చిన్న అక్షరాలతో ఉంచుతాను. తరువాత వచ్చే మూడు ముక్కల్లో ఆ కొత్త పేరుకు పని పడకపోతే దాన్ని కుండలీకరణాల్లో పెట్టేస్తాను.

రాత గురించి ఒక్క సూచన. సంఘటనలను మీ గొంతుతో రాయకండి. పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం ఊరూరా సేకరించిన కైఫియత్తుల్లో, అంటే ఊరి వృత్తాంతాల్లో, ఊరి పెద్దలు, కరణాలు చెప్పిన మాటలే ఆ ఊరి చరిత్రగా నిలిచాయి. ఆ పద్ధతిలో ఒక్కో పెద్ద సంఘటనను ఇద్దరి చేత చెప్పిస్తాను. కట్ట తెగడాన్ని రంగుబావుల ముసలమ్మ ఒకలా చెబుతుంది, ఐదో తూము కింది రైతు మరోలా చెబుతాడు, ఇద్దరి మాటా ఉంచేస్తాను. వ్యాపారపు ముక్క పెద్దదైతే శాసనం రాయండి. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సముద్రం మీద వచ్చే వర్తకులకు రక్షణ చెబుతూ ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెబుతుంది. అలాంటి నాలుగు పంక్తులు రాయబోతే మీ నగరంలో ఏ సరుకులు అమ్ముడవుతాయో, అవి ఏ దర్వాజాలోంచి వస్తాయో, సుంకం ఎక్కడ వసూలు చేస్తారో తేల్చక తప్పదు, ఆ జాగాలు పటం మీదికి వస్తాయి.

బొమ్మ ముక్కలతో వచ్చే వ్యక్తుల మీద నేను ఎక్కువ సమయం పెట్టను. పేరు, ఉన్న వీధి, చేసిన ఒక పని చాలు.

నాలుగోసారి కొత్త కాగితం తీసుకోకండి. మీ మూడో పటాన్నే బల్ల మీద పరిచి, దాని మీద ట్రేసింగ్ కాగితం వేయండి. ఇప్పటికే మీ దగ్గర ఉన్న పన్నెండు సంఘటనలను మొదటి నుంచి ఒక్కొక్కటిగా తీసుకుని, ప్రతిదీ ఏ గీత మీద పడిందో ట్రేసింగ్ కాగితం మీద చూపండి. మీరు రాసిన కరువుకు ఏ చెరువు ఎండింది, ఆ చెరువు కింద ఎవరున్నారు, వాళ్లు ఎటు పోయారు అన్నది గీస్తే చాలు. వాగు గీసి ఉండకపోతే ముందు వాగు గీయండి. పదమూడో ముక్క ఆ తరువాతే తీయండి.