ముందు వేళలు, ఫోన్ నంబరు ఒకే చోట రాయండి

మీరు మీ స్కూలుకు వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సైట్ చేస్తూ, హోమ్‌పేజీలో ఏ బ్లాకులు (పేజీని కట్టే ముక్కలు) పెట్టాలి, రీయూజబుల్ బ్లాకులు, అంటే ఒకసారి చేసి చాలా పేజీల్లో వాడుకునేవి, నిజంగా పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయి. అవి లేకుండా చేయొద్దనే చెబుతాను.

గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి నేను సైట్ చేశాను. ల్యాబ్ వేళలు నాలుగు చోట్ల రాసి ఉండేవి: హోమ్‌పేజీ, కాంటాక్ట్ పేజీ, టెస్టుల పేజీ, ఫుటర్ (ప్రతి పేజీ అడుగున వచ్చే భాగం). ఇకనుంచి ఆదివారం ఆరింటికి కాదు, ఏడున్నరకు తెరుస్తామని వాళ్లు ఫోన్ చేస్తే మూడు చోట్ల మార్చి, హోమ్‌పేజీ మర్చిపోయాను. ఆ ఆదివారం ఒక పెద్దాయన, షుగర్ పేషెంటు, తెనాలి నుంచి తొలి బస్సెక్కి పరగడుపున ఆరింటికే వచ్చారు. మూసిన షట్టర్ ముందు మెట్ల మీద కూర్చున్నారు. ఏడు దాటాక కళ్లు తిరుగుతున్నాయంటే పక్కనున్న టీకొట్టు ఆయన బిస్కెట్లు పెట్టాడు. ప్రాణం కుదుటపడింది గానీ ఫాస్టింగ్ టెస్టు పోయింది, మళ్లీ ఇంకో రోజు రావాల్సి వచ్చింది. వాళ్లబ్బాయి ఫోన్‌లో మా హోమ్‌పేజీ తెరిచి చూపిస్తే రిసెప్షన్‌లో అమ్మాయి ఏం చెప్పగలదు? తప్పు నాది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఆ రాత్రే వేళలు, ఫోన్ నంబరు, అడ్రసు మూడు రీయూజబుల్ బ్లాకులుగా చేసి అన్ని పేజీల్లోనూ అవే పెట్టాను. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోతుంది. 2023లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.3 వెర్షన్ నుంచి వీటిని సింక్‌డ్ ప్యాటర్న్స్ అంటున్నారు, పాత పేరుతో వెతికితే కంగారు పడతారు. ఒక్క పేజీలోనే ఏదైనా మార్చాలంటే ముందు అక్కడి బ్లాకును డిటాచ్ చేయండి, అంటే మిగతావాటి నుంచి విడదీయండి, లేకపోతే ఆ మార్పు సైటంతా పాకుతుంది.

ఇక ఏ బ్లాకు ముందుండాలంటే, రెండు రోజులు మీ ఆఫీసు ఫోన్ పక్కన కూర్చోండి. నేను అలాగే కూర్చున్నాను. ‘ఏమీ తినకుండా రావాలా’, ‘రిపోర్టు ఎప్పుడిస్తారు’, ‘ఇంటికొచ్చి రక్తం తీస్తారా’ అనేవే మళ్లీ మళ్లీ అడిగారు. హోమ్‌పేజీ ఆ వరసలోనే కట్టాను. ఛైర్మన్ గారి ఫొటో, సందేశం అడుక్కి దించాను. మీకైతే ఫీజు, బస్సు రూటు, అడ్మిషన్ తేదీలు అడుగుతారు.

పైన తిరిగే స్లైడర్ మాత్రం పెట్టొద్దు. ఐదు బ్యానర్లు పెడితే రెండోది వచ్చేదాకా ఎవరూ ఆగరు, ఫోన్‌లో పేజీ బరువెక్కడం ఒక్కటే మిగులుతుంది. పాంఫ్లెట్‌ని ఫొటో తీసి అతికించడం ఇంకా ఘోరం. డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లతో కొట్టిన తెలుగు కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి కాబట్టి అందరూ బొమ్మగా పెట్టేస్తారు. అందులో ఒక్క తేదీ మార్చాలన్నా మళ్లీ ఆ డీటీపీ సెంటర్‌కే పరుగెత్తాలి. ఓపిగ్గా యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో మామూలుగా కనిపించే తెలుగులో, టైపు చేయించండి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. థీములు, అంటే సైట్ రూపాన్ని ఇచ్చే రెడీమేడ్ డిజైన్లు, చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి చేసినవి. హెడ్డింగు రెండు వరసలైతే పై వరసలోని ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. లైన్ హైట్ (వరసకు ఇచ్చే ఎత్తు) 1.6 దాకా పెంచి, ‘రాష్ట్రస్థాయి ర్యాంకులు’ అని రాసి చిన్న ఫోన్‌లో ఒకసారి చూసుకోండి.