‘ప్రపంచ ఐదో సీడ్’ అని ఎవరూ ఉండరు

చెల్లెమ్మకు,

నువ్వు పంపిన రిపోర్టులు చదివాను. స్కోర్లలో తప్పుల్లేవు, విదేశీ పేర్లు కూడా జాగ్రత్తగా రాశావు. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది అక్కడే కాబట్టి నాకు సగం టెన్షన్ తీరింది. వాక్యాలు ఇంకాస్త పొట్టిగా ఉంటే బాగుండేది, అది రాస్తూ ఉంటే అదే వస్తుంది. నేను ఆగింది ఒక్కచోటే. ‘ప్రపంచ ఐదో సీడ్ సింధు’ అన్నావు. అలాంటి స్థానం ఎక్కడా లేదు. ప్రపంచ ర్యాంకు ఉంటుంది, టోర్నీలో సీడ్ ఉంటుంది. రెండూ కలిపేస్తే ఆట తెలిసిన పాఠకుడికి మొదటి లైన్లోనే నీ మీద నమ్మకం పోతుంది.

ర్యాంకు ఆటగాడి వెంట ఊరూరా తిరుగుతుంది. సీడ్ అంటే డ్రా తీసేముందు నిర్వాహకులు మేటి ఆటగాళ్లకిచ్చే వరస అంకె, అది ఆ ఒక్క టోర్నీకే పరిమితం. ర్యాంకుల్లో ముందున్న ఇద్దరూ గాయాలతో రాలేదనుకో, మూడో ర్యాంకర్ టాప్ సీడ్ అవుతుంది. అందుకే ‘ఐదో సీడ్‌కు ఎగబాకింది’ అని రాయకూడదు. ఎగబాకేదీ దిగజారేదీ ర్యాంకే.

అసలు ఈ సీడింగ్ ఎందుకంటే, అందరి పేర్లూ చీటీల మీద రాసి డ్రా తీస్తే మేటి ఆటగాళ్లిద్దరు తొలి రౌండ్లోనే తలపడి ఒకరు ఇంటిదారి పట్టొచ్చు. ఆఖర్న ఫైనల్ చప్పగా సాగుతుంది. అలా జరక్కుండా మేటివాళ్లను ముందే ఎడం ఎడంగా సర్దుతారు, నారు నాటేటప్పుడు మధ్యలో జాగా వదిలినట్టు. వింబుల్డన్‌లో ఇది పూర్తిస్థాయిలో మొదలైంది 1927లో. ఇప్పుడు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో 128 మంది ఆడితే 32 మందికి సీడింగ్ ఇస్తారు. మూడో రౌండ్ దాకా ఏ ఇద్దరు సీడెడ్ ఆటగాళ్లూ ఎదురుపడరు. ఒకటో సీడ్, రెండో సీడ్ చెరో సగంలో ఉంటారు కాబట్టి తలపడితే ఫైనల్లోనే తలపడాలి. మూడో సీడ్‌కి ఆ హామీ లేదు, ఏ సగంలో పడేదీ చీటీ చెబుతుంది.

నేను కోరేదల్లా ఇదే: సీడ్ అంకెను బిరుదులా పేరు ముందు తగిలించకు. ఆ అంకె వల్ల ఆ ఆటగాడికి ఎలాంటి దారి దొరికిందో చెప్పగలిగినప్పుడు వాడు.

2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ తీసుకో. హైదరాబాద్‌లో ఆట నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు బరిలో ఉన్నారు. సైనా ఐదో సీడ్, సింధు తొమ్మిదో సీడ్. సైనా గ్రూప్ దశలోనే ఉక్రెయిన్ అమ్మాయి మరియా ఉలిటినా చేతిలో ఓడిపోయింది. ఇక సింధు సంగతి. తొమ్మిదో సీడ్ అంటే చాలా ఇబ్బందికరమైన జాగా. మొదటి ఎనిమిది మందికి క్వార్టర్స్ దాకా ఒకరితో ఒకరికి పని ఉండదు, తొమ్మిదో వాళ్లకు మాత్రం ప్రీక్వార్టర్స్‌లోనే వాళ్లలో ఒకరు తగలొచ్చు. అదే జరిగింది. అక్కడ ఎనిమిదో సీడ్ తై జు యింగ్. గెలిస్తే క్వార్టర్స్‌లో రెండో సీడ్ వాంగ్ యిహాన్. ఆ మ్యాచ్‌లో 22-20, 21-19. సెమీస్‌లో ఆరో సీడ్ ఒకుహారా, రెండో గేమ్‌లో సింధు ఏకంగా 21-10తో ముగించింది. ఫైనల్లో టాప్ సీడ్ కరోలినా మారిన్. తొలి గేమ్ 21-19తో మనమ్మాయిదే, తర్వాతి రెండూ 12-21, 15-21తో చేజారాయి. ‘తొమ్మిదో సీడ్ సింధుకు రజతం’ అని రాస్తే అదో సమాచారం. ఎనిమిది, రెండు, ఆరు, ఒకటి అని వరస చెబితే ఆ వెండి పతకం బరువెంతో పాఠకుడే చూసుకుంటాడు.

సీడింగ్ ఎప్పుడూ ర్యాంకుల వరసలోనే ఉంటుందనీ అనుకోకు. వింబుల్డన్ పురుషుల సింగిల్స్‌లో 2002 నుంచి 2019 దాకా పచ్చిక కోర్టుల మీద ఫలితాలకు అదనపు లెక్క వేసేవారు. 2019లో నాదల్ రెండో ర్యాంకర్, ఫెదరర్ మూడో ర్యాంకర్. సీడ్లు మాత్రం తారుమారయ్యాయి. మూడో సీడ్ నాదల్ ఫెదరర్ ఉన్న సగంలోనే పడ్డాడు, సెమీస్‌లో అతని చేతిలోనే ఓడాడు. అంతకు ముందేడాది ఇంకా పెద్ద రచ్చ. ప్రసవం తర్వాత తిరిగొచ్చిన సెరెనా ర్యాంకు 183 అయినా నిర్వాహకులు 25వ సీడ్ ఇచ్చారు. దాంతో 32వ ర్యాంకులో ఉన్న సిబుల్కోవాకు సీడ్ లేకుండా పోయింది, ఆమె బాహాటంగానే అసంతృప్తి చెప్పింది. సెరెనా ఫైనల్ దాకా వెళ్లింది, సిబుల్కోవా క్వార్టర్స్ దాకా. ఎవరిది న్యాయమంటావా? నా ఓటు సెరెనాకే, కానీ సిబుల్కోవా కోపాన్ని నేను తప్పుపట్టను.

‘అన్‌సీడెడ్’ అనగానే మనవాళ్ల చేతికి ‘అనామక’ అనే మాట దానంతటదే వచ్చేస్తుంది. దాన్ని ఆపుకో. 2023లో వింబుల్డన్ మహిళల టైటిల్ గెలిచిన వొండ్రుసోవా అన్‌సీడెడే, అక్కడ అలా గెలిచిన తొలి మహిళ ఆమే. కానీ అప్పటికే ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడింది, టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. మణికట్టు శస్త్రచికిత్సతో ఆటకు దూరమై ర్యాంకు పోగొట్టుకుందంతే. క్వాలిఫయింగ్ ఆడి వచ్చి 2021 యూఎస్ ఓపెన్ ఎగరేసుకుపోయిన రదుకాను కథ వేరు. పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల గురించి ‘ఎవరూ ఊహించలేదు’ అని రాయి, ఎవరూ కాదనరు.

అలాగే 31వ సీడ్ 35వ ర్యాంకర్ చేతిలో ఓడితే అది ‘పెను సంచలనం’ కాదు. మామూలు మ్యాచ్. ఆ మాట టాప్ సీడ్ తొలి రౌండ్లో ఓడిన రోజుకి దాచుకో.

ఇంకొకటి, నవ్వుకోవడానికి. ‘సీడెడ్’ అని ఒంటరిగా హెడ్డింగ్‌లో పెట్టకు. సినిమా పేజీ చదివేవాళ్లకు అది రాయలసీమ కలెక్షన్ల మాట. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాల పేరు అది, టెన్నిస్‌తో దానికే సంబంధమూ లేదు.

సింధు రిపోర్టు మొదటి పేరా మార్చి మళ్లీ పంపు. ఆ టోర్నీ డ్రా షీటు పక్కన పెట్టుకుని, సెమీస్ దాకా ఆమెకు ఎవరెవరు తగలొచ్చో చూసి రాయి. షీటు కూడా జత చెయ్యి, నేనూ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య