రాత్రి సలాడే తిన్నాను, షుగర్ 212 ఎందుకొచ్చింది డాక్టర్?

ప్రశ్న: నా వయసు 44. మాది అనంతపురం, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఏడాది క్రితం షుగర్ బయటపడింది, మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 6.9 వచ్చింది. రోజూ రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500, కొలెస్ట్రాల్‌కి రాత్రి అటోర్వాస్టాటిన్ 10 వేసుకుంటాను. రెండు వారాలుగా రాత్రిపూట అన్నం మానేసి సలాడ్ చేసుకుంటున్నాం. ఒక గ్లాసు గోధుమ రవ్వ ఉడికించి, అందులో కొత్తిమీర, పుదీనా, ఒక దానిమ్మ, ఒక యాపిల్, ఆరు ఖర్జూరాలు, నిమ్మరసం, రెండు చెంచాల తేనె కలిపి నేనూ మావారూ చెరిసగం తింటాం. అయినా తిన్న రెండు గంటలకు 212 చూపించింది. రెండుసార్లు విరేచనాలు కూడా అయ్యాయి. నాకు సలాడే పడదా? ఇందులో చక్కోత వేసుకోవచ్చా? మా అత్తగారికి గుండె వాల్వ్ మార్చారు, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు, ఆవిడకీ పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: సలాడ్ మీకు పడుతుందమ్మా. మీరు చేసిందే సలాడ్ కాదు. ఏమీ అనుకోకుండా మీరు రాసిన కొలతలు ఓసారి మళ్లీ చదువుకోండి. రవ్వకి లెక్క ఉంది, దానిమ్మకి ఉంది, ఖర్జూరాలు ఎన్నో రాశారు, తేనె ఎన్ని చెంచాలో రాశారు, కొత్తిమీర పుదీనాలకి మాత్రం లెక్కే లేదు. అంటే ఉప్మా మీద చల్లినట్టు పైన కాస్త చల్లి ఉంటారు. తేడా అక్కడే వచ్చింది.

ఈ వంటకం లెబనాన్, సిరియా వైపుది, అక్కడ తబూలే అంటారు. అందులో ఆకే అసలు వంట. సన్నగా తరిగిన, మన కొత్తిమీరలా ఉండే పార్స్‌లీ, కొంత పుదీనా, టమాటా, నిమ్మరసం, ఆలివ్ నూనె, వాటి మధ్య గోధుమ నూక ఎక్కడో ఒకటి పంటికి తగులుతుంది. మన గోంగూర పచ్చడిలో పోపు గింజలు ఎన్ని ఉంటాయో అలాగన్నమాట. అదే ఫోన్లో రీల్స్‌కి ఎక్కేసరికి తిరగబడింది, నూక కుప్పపోసి, దాని మీద ఎర్రెర్రగా దానిమ్మ గింజలు, పక్కన తేనె ధార, అలంకారానికి నాలుగు పుదీనా రెబ్బలు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను.

ఇప్పుడు మీ గిన్నె లెక్క చూద్దాం. గ్లాసు రవ్వ అంటే ఇంచుమించు 150 గ్రాములు, మీ వాటా 75, అందులో పిండి పదార్థం 50 గ్రాముల పైమాటే. సగం దానిమ్మతో 14, సగం యాపిల్‌తో 12, మూడు ఖర్జూరాలతో చిన్నవైనా 18 దాకా, చెంచా తేనెతో 6. మొత్తం కలిపి 100 గ్రాములు, అదీ రాత్రి పూట, ఒక్క గిన్నెలో. నాలుగు ఇడ్లీలు తిన్నా అంత రాదు. 212 రాకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇంకో మాట, పప్పు గానీ పెరుగు గానీ గుప్పెడు పల్లీలు గానీ లేవు కాబట్టి ఆ పిండిని నెమ్మదిగా అరగనిచ్చేది ఆ గిన్నెలో పెద్దగా ఏదీ లేదు. రవ్వ బదులు క్వినోవా వేస్తే, సిరిధాన్యం వేస్తే అని అడుగుతారని తెలుసు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అదే అడుగుతారు. కొర్రలైనా సామలైనా క్వినోవా అయినా ధాన్యం ధాన్యమే, పీచు కాస్త అటూ ఇటూ అంతే, గ్లాసుడు పోసుకుంటే మీటర్ ఊరుకోదు.

అందుకని మనిషికి పచ్చి రవ్వ రెండు పెద్ద చెంచాలు, అంటే 25 గ్రాములు దాటకుండా తీసుకోండి. దానికి తోడు రెండు చెంచాల పెసరపప్పు గంటసేపు నానబెట్టి వేయండి. కొత్తగా ఉందనుకోకండి, శ్రీరామనవమికి మనం పంచే వడపప్పే ఇది, మీ చుట్టుపక్కల కన్నడంవాళ్లు దీన్నే దోసకాయ, కొబ్బరి వేసి కోసంబరి అంటారు. ఎక్కడి తబూలేనో వెతుక్కుంటూ వెళ్లాం గానీ ఇంతకన్నా మంచి సలాడ్ పక్కింట్లో అరిటాకు మీద పెడతారు. ఇక ఆకు, ఇద్దరికీ కలిపి కొత్తిమీర రెండు కట్టలు, పుదీనా ఒక కట్ట. కీరా, టమాటా మీ ఇష్టం, ఎంతైనా వేయండి. వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా దంచి ఒక చెంచా, నూనె ఒక చిన్న చెంచా. పండు మాత్రం ఒక్కటే, ఆ ఒక్కటీ దానిమ్మ గింజలు రెండు మూడు చెంచాలు. ఖర్జూరం, తేనె ఈ గిన్నెలోకి రాకూడదు. ఇలా చేస్తే పిండి పదార్థం 40 గ్రాముల దగ్గర ఆగుతుంది, కడుపు మాత్రం ఇంతకుముందు కన్నా నిండుతుంది, ఎందుకంటే నమలాల్సింది చాలా ఉంటుంది.

రవ్వ గురించి నా సొంత గోల ఒకటి చెప్పాలి. మొదటిసారి నేను చేసినప్పుడు ఒక వీడియోలో వేడినీళ్లలో పావుగంట నానబెడితే చాలన్నారని మన కిరాణా గోధుమ రవ్వ అలాగే నానబెట్టాను, మా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఇసుకా అని అడిగింది. వాళ్లు వాడేది బుల్గుర్, గోధుమల్ని ముందే ఉడికించి ఎండబెట్టి నూక చేస్తారు, అందుకే నానితే చాలు. మనది పచ్చి నూక, ఉడకాల్సిందే. కాస్త నూనెలో దోరగా వేయించి, ఒకటికి రెండు నీళ్లు పోసి, పొడిపొడిగా ఉడికాక పళ్లెంలో పలచగా పరిచి చల్లార్చండి. చల్లారాక మాత్రం గట్టు మీద వదిలేయొద్దు, ఉడికిన ధాన్యం గంటల తరబడి బయట ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. రెండు గంటల్లోపు తినడమో ఫ్రిజ్‌లో పెట్టడమో చేయాలి.

మీ విరేచనాల సంగతి కూడా దీని దగ్గరే ఉండొచ్చు, లేదా ఆకు కడగడంలో ఉండొచ్చు. రెండు వారాల్లో ఒక్కసారిగా పీచు పెరిగినా, మెట్‌ఫార్మిన్ వల్లా అవుతాయి గానీ, ఏడాదిగా పడుతున్న మాత్ర ఇప్పుడు కొత్తగా ఇబ్బంది పెట్టడం తక్కువ. పొద్దున్నే సొప్పు సొప్పు (కన్నడంలో ఆకుకూర) అని అరుచుకుంటూ వచ్చే బండి మీద కొత్తిమీర తాజాగానే ఉంటుంది, ఏ నీళ్లతో పండిందో మాత్రం మనకి తెలీదు. వండుకునే కూరైతే మంట మీద అన్నీ చస్తాయి, ఇది పచ్చిది. టైఫాయిడ్, అమీబా, బద్దెపురుగు గుడ్లు అన్నీ పచ్చి ఆకు మీద నుంచే రావొచ్చు. ఆ బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్లి, వాటి పిల్లలు మెదడుకు చేరి ఫిట్స్ వచ్చిన పేషంట్లను చూశాను, చాలామంది నాకు మాంసమే అలవాటు లేదండీ అని వాదిస్తారు, అది మట్టి అంటిన పచ్చి ఆకుతోనూ వస్తుందని వాళ్లకి తెలీదు.

కడిగే పద్ధతి చిన్నదే. వేళ్లు, కింది మట్టి కాడలు ముందే కోసి పారేయాలి. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి ఆకు అందులో వేసి చేత్తో ఆడించి రెండు నిమిషాలు వదిలేయండి, మట్టి అడుక్కి దిగుతుంది, అప్పుడు ఆకును పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది, అందరూ చేసే తప్పు ఇదే. అడుగున ఇసుక కనపడనంత వరకూ మూడు నాలుగుసార్లు ఇలా చేసి, ఆఖరిసారి తాగే నీళ్లు వాడండి. ఉప్పు నీళ్లు, వెనిగర్ నీళ్లు అన్నీ చంపేస్తాయని నమ్మకండి. తర్వాత గుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద అరగంట ఆరనివ్వండి. తడి ఆకు తరిగితే నలిగి నల్లబడి చట్నీ అవుతుంది, ఆరిన ఆకు పదునైన కత్తితో ఒక్కసారి కోస్తే పొడిగా రాలుతుంది. ఉప్పు, నిమ్మరసం తినబోయే ముందే కలపాలి, లేకపోతే కీరా నీరొదిలి అడుగున చారు తయారవుతుంది. అన్నట్టు ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మరసం సాయం చేస్తుంది, టీ అడ్డుపడుతుంది, భోజనం అవగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి. విరేచనాలు మళ్లీ మొదలైనా, జ్వరం గానీ రక్తం గానీ కనపడినా సలాడ్ ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నీరసం చేసేంత విరేచనాలైతే మెట్‌ఫార్మిన్ వేసుకోవాలో వద్దో ఫోన్ చేసైనా అడగండి.

చక్కోత అడిగారు, అదే మన పంపరపనస. దేవనహళ్లి చక్కోతకి ఆ ఊరి ప్రత్యేక పంటగా జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది, దొరికితే వదలబుద్ధి కాదు, నాకూ ఇష్టమే. కానీ మీరు అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. నిమ్మజాతి పండైన గ్రేప్‌ఫ్రూట్‌లో ఉండే ఒక రకం పదార్థాలు ఈ మందును అరగదీసే ఎంజైమ్‌ను పేగుల్లో పనిచేయనివ్వవు, దాంతో మాత్ర రక్తంలోకి ఎక్కువగా చేరి కండరాల నొప్పులు రావొచ్చు. గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే చక్కోత, బత్తాయి జాతి నారింజ కలిసి, కాబట్టి చక్కోతలోనూ ఆ పదార్థాలు ఉంటాయి. మీ 10 డోసుకి ఎప్పుడో రెండు తొనలు తింటే కొంపేం మునగదు, రోజూ గిన్నెలో మాత్రం వద్దు. మాత్ర రాత్రి కదా పండు పొద్దున తింటానంటే కుదరదు, దాని ప్రభావం ఒక రోజుకు పైగానే ఉంటుంది. బత్తాయి, కమలాలతో ఈ బెడద లేదు, రెండు తొనలు చిదిమి దానిమ్మ బదులు వేసుకోండి.

అత్తగారి విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఆవిడ వాడేది వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ అయ్యుంటే, అవి విటమిన్ కెకి వ్యతిరేకంగా పనిచేసే మందులు. కొత్తిమీర, పుదీనా లాంటి ఆకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. ఇన్నాళ్లూ పోపు మీద చల్లినంత తిన్న మనిషికి మీరు ఇవాళ్టి నుంచి కట్టలకి కట్టలు పెడితే మందు పని తగ్గిపోతుంది, వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. ఆకు మానేయమని కాదు, ఏదైనా ఒక లెక్క ప్రకారం రోజూ ఒకేలా ఉండాలి, ఒక వారం గంపెడు, ఒక వారం సున్నా కాకూడదు. ముందు ఆవిడ గుండె డాక్టర్‌కి చెప్పండి, ఆయన సరేనంటే రోజూ ఒకే కొలత, ఒక వారం పది రోజులకి రక్తం ఎంత పలచగా ఉందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష. అప్పటిదాకా ఆవిడకి విడిగా వడపప్పు, కీరా కలిపి పెట్టండి.

మీరు మూడు రోజులు ఈ కొత్త కొలతతో తిని, మొదటి ముద్ద నోట్లో పెట్టిన టైం నుంచి లెక్కేసి రెండు గంటలకు షుగర్ చూసి రాసుకోండి. 180 లోపు ఉంటే అలాగే కొనసాగించండి. దాటుతుంటే రవ్వ పూర్తిగా తీసేసి పెసరపప్పు ఒక చెంచా పెంచి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గకపోతే తప్పు గిన్నెలో లేదు, మందు డోసు చూడాలి, ఆ కాగితం పట్టుకుని మీ డాక్టర్‌ని కలవండి.