నల్లగుడ్డ కప్పిన ఆ కుర్చీ ఎవరిది?

ప్రశ్న: ఎడిటర్ గారూ, వేల్స్‌లో ఒక కవికి చనిపోయాక పెద్ద బహుమతి వచ్చిందనీ, ఆ బహుమతి ఒక కుర్చీ అనీ, దానిమీద నల్లగుడ్డ కప్పారనీ విన్నాను. నిజమేనా? ఎవరాయన?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనండీ. ఆయన అసలు పేరు ఎలిస్ హంఫ్రీ ఎవాన్స్, కవిగా హెద్ విన్. 1887లో ఉత్తర వేల్స్‌లోని త్రౌస్‌వనిద్‌లో పుట్టాడు, పదకొండు మంది పిల్లల్లో పెద్దవాడు. పద్నాలుగేళ్ళ వయసులో బడి మానేసి ఇంటి దగ్గరే గొర్రెలు కాశాడు, పొలం పనులు చేశాడు. ఈయన గురించి రాసేవాళ్ళు చాలామంది చావు దగ్గరే మొదలుపెడతారు, నాకది నచ్చదు. చనిపోయే నాటికే ఆయన పేరున్న కవి! 1907లో, ఇరవయ్యేళ్ళకే, బాలా పట్టణంలో జరిగిన పోటీలో మొదటి కుర్చీ గెలిచాడు, తర్వాత వేరే ఊళ్ళలో ఇంకొన్ని గెలిచాడు, 1916లో జాతీయ పోటీలో రెండో స్థానం దాకా వచ్చాడు.

ఇక కుర్చీ సంగతి. వేల్స్‌లో కవిత్వానికీ సంగీతానికీ ఐస్తెద్‌వోద్ అనే ఉత్సవాలు జరుగుతాయి, అందులో ఛందోబద్ధమైన దీర్ఘకవితకు ఇచ్చే అత్యున్నత బహుమతి చెక్కిన కుర్చీ. పోటీకి మారుపేరుతోనే పంపాలి. సభలో ఆ మారుపేరు పిలుస్తారు, అప్పుడు జనంలో కూర్చున్న కవి లేచి నిలబడాలి, అప్పటిదాకా గెలిచిందెవరో ప్రేక్షకులకు తెలియదు.

1917 సెప్టెంబర్ 6న, ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో జాతీయ ఉత్సవం. బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ కూడా సభలో ఉన్నాడు. 'వీరుడు' అనే అంశం మీద గెలిచిన కవి మారుపేరు 'ఫ్లూర్ ద లీ' అని పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు, అప్పుడూ లేవలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉన్న ఈ కవి జులై 31నే బెల్జియంలోని పిల్కెమ్ రిడ్జ్ దగ్గర, పాషెండేల్ పోరు మొదటి రోజునే చనిపోయాడని అప్పుడు ప్రకటించారు. వయసు ముప్పై. కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు, అప్పటినుంచి దాన్ని 'నల్ల కుర్చీ' అనే అంటున్నారు. నన్ను ఇంకా బాధపెట్టే విషయం ఒకటుంది: ఆ కుర్చీ చెక్కిన వడ్రంగి యూజీన్ వాన్‌ఫ్లెటెరెన్ కూడా అదే ప్రపంచ యుద్ధం వల్ల బెల్జియం నుంచి పారిపోయి బర్కెన్‌హెడ్‌లో తలదాచుకున్న శరణార్థి.

ప్రశ్న: యుద్ధమంటే ఇష్టం లేని మనిషి సైన్యంలో ఎలా చేరాడు?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: 1916లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. ఆ ఇంటి నుంచి ఒక కొడుకు వెళ్ళక తప్పలేదు, తమ్ముడు బాబ్ వెళ్ళాల్సి వస్తుందని ఈయనే ముందుకొచ్చాడు. అంతే, దేశభక్తి ఆవేశం ఏమీ లేదు. లివర్‌పూల్ దగ్గర లిథర్లాండ్‌లో శిక్షణ, మధ్యలో పొలాలు దున్నే పనులకు ప్రభుత్వం రైతు సైనికుల్ని కొన్నాళ్ళు ఇళ్ళకు పంపితే, కుర్చీ గెలిచిన 'వీరుడు' కవితలో ఎక్కువ భాగం ఇంటి దగ్గరే రాశాడు. తిరిగి వెళ్ళాక జులైలో ఫ్రాన్స్‌లోని ఫ్లెషాన్ అనే పల్లెలో దాన్ని పూర్తిచేసి, అక్కడినుంచే పోస్ట్ చేశాడు. ఒక పక్క యుద్ధానికి బయలుదేరే టెన్షన్, ఇంకో పక్క ఛందస్సు తప్పకుండా వందల పంక్తులు, ఎలా రాశాడో ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది.

ప్రశ్న: వాళ్ళకీ మన యతిప్రాసల్లాంటివి ఉన్నాయా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఉన్నాయి, చాలా కఠినంగా ఉన్నాయి. దాన్ని కంగ్‌హనెద్ అంటారు. అందులో ఒక రకంలో పంక్తి మొదటి సగంలో వచ్చిన హల్లులన్నీ అదే వరుసలో రెండో సగంలో మళ్ళీ రావాలి, అచ్చులు మారొచ్చు. మనకు పాదానికి ఒకటి రెండు చోట్ల అక్షరం కుదిరితే సరిపోతుంది, వాళ్ళకు పంక్తి పొడుగునా కుదరాలి. దీనికి తోడు సంప్రదాయ ఛందస్సులు ఇరవైనాలుగు. గొర్రెలు కాసుకునే కుర్రాడు దీనంతటి మీదా పట్టు సాధించాడంటే, ఊరూరా జరిగే పోటీలూ, పద్యం తెలిసిన ఇరుగుపొరుగూ ఉండబట్టే కదా.

నా మటుకు నాకు 'వీరుడు' కంటే 'యుద్ధం' అనే చిన్న కవితే ఇష్టం. పాతకాలపు వీణల్లాంటి హార్ప్‌లు చెట్టుకొమ్మలకు వేలాడుతుంటే, గాలి నిండా కుర్రాళ్ళ కేకలు, వానలో కలిసిన వాళ్ళ రక్తం, ఇంతే ఉంటుంది చివరి చరణంలో. 1918లో వచ్చిన ఆయన కవితా సంపుటిలో ఇది ఉంది. ఆయన జీవితం మీద 1992లో వెల్ష్‌లో తీసిన సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ముందు ఆ చిన్న కవిత ఇంగ్లీషు అనువాదంలో చదవండి, సినిమా తర్వాత చూడొచ్చు.