సమాధానం: 0.1 గ్రే ఇచ్చినా క్రిప్టుల సంఖ్యలో తేడా లేదా?

ఎలుకలకి 0.1 గ్రే (ఒంట్లోకి దిగిన రేడియేషన్ మోతాదుకి కొలత) రేడియేషన్ ఇచ్చి, మూడున్నర రోజులకి చిన్నపేగులో మిగిలిన క్రిప్టులు (పేగు లోపలి పొరలోని చిన్న గుంటలు) లెక్కపెడితే రేడియేషన్ ఇవ్వని కంట్రోల్‌తో తేడా లేదన్నారు. ఉండదండీ. ఆ లెక్క 8 గ్రే దాటి, క్రిప్టులకి క్రిప్టులే చచ్చేచోట పనికొస్తుంది. తక్కువ మోతాదులో చచ్చేది క్రిప్టు కాదు, అందులో ఒకటీ అరా మూలకణం. పక్క కణాలు విభజన చెంది ఆ ఖాళీ పూడ్చేస్తాయి.

రేడియేషన్ ఇచ్చిన 4 నుంచి 6 గంటల మధ్య టిష్యూ తీయండి. చస్తున్న కణాల్ని చూపే క్లీవ్డ్ కాస్పేస్-3 స్టెయిన్ వేసి, అడుగు నుంచి ఒక్కో కణానికి స్థానం నంబరిస్తూ ఎలుకకి కనీసం 50 అర్ధ క్రిప్టులు (కోతలో కనిపించే క్రిప్టుకి ఒక పక్క గోడ) చూడండి. అడుగు నుంచి నోటిదాకా నిలువుగా తెగినవే సుమా. చావు ఎక్కువగా 4వ స్థానం చుట్టూ కనిపిస్తుంది. రేడియేషన్ లేకపోయినా అక్కడ కొన్ని కణాలు చస్తుంటాయి, కాబట్టి షామ్ గుంపు (రేడియేషన్ తప్ప మిగతావన్నీ చేసిన ఎలుకలు) లేని లెక్క చెల్లదు. పెద్దపేగులో వెతక్కండి, అక్కడి మూలకణాల్లో బీసీఎల్-2 అనే ప్రోటీన్ ఈ చావుని అణిచేస్తుంది.

ఇర్రేడియేటర్ (రేడియేషన్ ఇచ్చే యంత్రం) వేరే క్యాంపస్‌లో ఉంటే షామ్ ఎలుకలూ అదే వ్యాన్‌లో వెళ్లి రావాలి. బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుంటే ఆ గంటా 4 నుంచి 6 గంటల లెక్కలోదే. కోసిన పేగు వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో పడాలి, ఆలస్యమైతే ఎపిథీలియం (పేగు లోపలి కణాల పొర) దానంతటదే ఊడొస్తుంది.