భోగిపళ్ళ ఈడు దాటకముందే ఊరికి తీసుకెళ్ళండి

కొత్తగా అమెరికా వచ్చి, ఇక్కడే తొలి కాన్పయిన జంటలు దసరా వెళ్ళేసరికి నన్ను అడిగే మాట దాదాపు ఒకటే. "అక్కా, పాపకి ఏడాదిన్నర. సంక్రాంతికి తీసుకురమ్మని అమ్మ ఒకటే గొడవ. ఇంత చిన్నపిల్లతో అంత దూరం ఎందుకు, కాస్త పెద్దయ్యాక వెళ్దాం అనుకుంటున్నాం. ఏమంటారు?" నాది కోనసీమ, అంబాజీపేట పక్క పల్లె. కాబట్టి అడిగేవాళ్ళలో ఎక్కువమంది గోదావరి వైపు వాళ్ళే.

వెళ్ళమనే అంటాను. పెద్దయ్యాక అనుకుంటే ఇక కుదరదు. ఇక్కడి బడి సెలవులు క్రిస్మస్‌కి ముందు మొదలై జనవరి మొదట్లోనే అయిపోతాయి. మన పండగేమో 14నో 15నో. ఐదేళ్ళకి కిండర్‌గార్టెన్‌లో వేశారంటే, ఆ తర్వాత జనవరిలో బడి మానిపించడం ఏడాదికేడాది కష్టమవుతుంది. భోగిపళ్ళు పోసేదీ ఆ ఐదేళ్ళ లోపే. పిల్లకి బడి లేని ఏళ్ళూ, పండగలో పిల్ల కోసమే ఒక వేడుక ఉన్న ఏళ్ళూ ఒకటే. అమ్మమ్మ, తాతయ్య, మామ్మ ఇంకా ఓపికగా ఎత్తుకు తిరిగే ఏళ్ళు కూడా అవే.

అయితే టిక్కెట్టు కొనేముందు మీ పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయిందేమో చూసుకోండి. 2025 డిసెంబరులో ఇండియాలోని అమెరికా కాన్సులేట్లు స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు ఒక్కసారిగా నెలల తరబడి వెనక్కి జరిపితే, పండగకని వెళ్ళిన చాలామంది అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. స్టాంపింగ్ పని ఉంటే, పసిపిల్లతో వెళ్తూ దాన్ని ఇదే ప్రయాణంలో పెట్టుకోవద్దు. పాప ఇక్కడ పుట్టింది కాబట్టి దానికి అమెరికా పాస్‌పోర్టు, దాని మీద ఇండియా ఈ-వీసా గానీ ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) గానీ కావాలి. పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరి అంగీకారం కావాలి. ఓసీఐకి వారాలు పడుతుంది, ముందే మొదలుపెట్టండి. ఇంకొకటి, రెండేళ్ళ లోపు పిల్లకి ఒళ్ళో టిక్కెట్టు సరిపోతుంది గానీ ఊళ్ళో ఉండగా రెండో పుట్టినరోజు వస్తే, తిరుగు ప్రయాణానికి పూర్తి సీటు కొనాల్సిందే.

టీకాల సంగతి బయల్దేరడానికి రెండు నెలల ముందే పిల్లల డాక్టరుతో మాట్లాడండి. తట్టు టీకా ఎంఎంఆర్ రెండో డోసు ఇక్కడ మామూలుగా నాలుగేళ్ళ తర్వాత వేస్తారు. కానీ ఏడాది నిండిన పిల్ల విదేశం వెళ్తుంటే ముందే వేస్తారు, మొదటి డోసుకీ దానికీ మధ్య 28 రోజులుండాలి. ఆరు నెలలు నిండి ఏడాది నిండని పిల్లకీ ప్రయాణం కోసం ముందస్తుగా ఒక డోసు ఇస్తారు. టైఫాయిడ్ ఇంజెక్షన్ మాత్రం ఇక్కడ రెండేళ్ళు నిండితేగాని ఇవ్వరు. అంతకంటే చిన్నపిల్లైతే నీళ్ళ దగ్గరా తిండి దగ్గరా మీ జాగ్రత్తే టీకా.

పండగ ముందు మూడు రోజుల్లో హైదరాబాదులో దిగే పని పెట్టుకోకండి. విజయవాడ రోడ్డు మీద టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి, పాప వెనక సీట్లో ఏడుస్తూ ఉంటుంది. గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లలో బెర్తులు రిజర్వేషన్ తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఇప్పుడు రిజర్వేషన్ తెరిచేది 60 రోజుల ముందే కాబట్టి ఆ రోజు తారీఖు రాసిపెట్టుకోండి. హైదరాబాదు నుంచి మధురపూడి, అదే రాజమండ్రి, విమానం దొరికితే చిన్నపిల్లతో అంతకన్నా సుఖం లేదు. డిసెంబరు చివరి వారంలోనే వెళ్ళి ముక్కనుమ దాటాక తిరగడం అన్నిటికన్నా మంచిది. క్రిస్మస్‌కి ఇక్కడి ఆఫీసులు ఎలాగూ సగం ఖాళీగా ఉంటాయి, లీవు అడగడం తేలిక.

కారు సీటు వెంట తీసుకెళ్ళండి. చాలా విమానాల్లో పిల్లల కారు సీటుకి విడిగా డబ్బు తీసుకోరు. "ఒళ్ళో కూచోబెట్టుకుంటానే, దానికి సీటెందుకు" అని అమ్మ అంటుంది. మన వైపు రోడ్లు చాలావరకు కాలువ గట్లే కదా, ఎదురుగా లారీ వస్తే కారు అంచుకి దిగాల్సిందే. ఈ విషయంలో మెత్తబడకండి. టాక్సీ మాట్లాడేటప్పుడే వెనక సీటు బెల్టులు పైకి తీసి ఉంచమనండి. చాలా కార్లలో సీటు కవర్లు వేసి బెల్టు బకిల్స్ అడుగున తోసేస్తారు.

వెళ్ళిన మొదటి వారం పాప అర్ధరాత్రి రెండింటికో మూడింటికో లేచి కూచుంటుంది. తూర్పు తీరం నుంచి వెళ్తే చలికాలంలో పదిన్నర గంటల తేడా. దీనికి చాలామంది ఎంత టెన్షన్ పడతారో! నిద్రపుచ్చాలని చీకట్లో కుస్తీ పట్టకండి. అది ధనుర్మాసం. నాలుగున్నరకల్లా వీధిలో వాకిళ్ళు ఊడ్చి కళ్ళాపి చల్లుతుంటారు, గుళ్ళో మైకులో తిరుప్పావై మొదలవుతుంది. పాపకి స్వెట్టరు, కుచ్చుటోపీ, సాక్సులు తొడిగి అరుగు మీదికి తీసుకురండి. అమ్మమ్మ ముగ్గు పెడుతుంటే ఆ చుక్కల పక్కన కూచుని చూస్తుంది. తెల్లవారాక తల మీద అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో హరిదాసు వస్తాడు. ఆయన వంగి కూచుంటే పాప గుప్పెట్లో బియ్యం పెట్టి మీరు చెయ్యి పట్టి ఆ పాత్రలో పోయించండి. ఊళ్ళో ఉన్న పిల్లలు ఆ వేళకి దుప్పట్లోంచి లేవరు. మన పిల్లకి ఆ వారమంతా అది దొరుకుతుంది. తర్వాత పది గంటలకి కాసేపు నిద్రపోనిచ్చి, మధ్యాహ్నం మాత్రం ఎండలో ఆడించండి. వారం తిరిగేసరికి సర్దుకుంటుంది.

ఇక తిండి. మన వైపు మర్యాద సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన పసిపిల్ల నోట్లో ఏదో ఒకటి పెట్టకపోతే ఎవరికీ మనసొప్పదు. ఏం పెట్టకూడదో మీరు ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే "అమెరికా వాళ్ళు" అనే మాట వస్తుంది, పైగా ఎవరూ వినరు. బయల్దేరక ముందే ఫోన్లో అమ్మకి ఒక్కదానికే వివరంగా చెప్పి, ఆ పెత్తనం ఆవిడ చేతికే ఇవ్వండి. "మా మనవరాలికి నేను చెప్తేనే ఏదైనా పెట్టాలి" అని ఆవిడ అంటే వీధి మొత్తం వింటుంది. ఎందుకు పెట్టకూడదో కూడా చెప్పండి. జంతికలు, చేగోడీలు, వేరుశనగ గుళ్ళు, చెరుకు ముక్కలు, తేగ ఇవన్నీ మూడు నాలుగేళ్ళ లోపు పిల్లల గొంతుకి అడ్డం పడేవి. ఏడాది నిండని పిల్లకి తేనె నాకించకూడదు. బదులుగా పెట్టేవి చెప్తే ఆవిడకీ సంతోషం. ముద్దపప్పు నెయ్యన్నం, పెరుగన్నం, బాగా మాగిన చక్రకేళి, పూతరేకు చిన్న తునక. మా అంబాజీపేట పొట్టిక్కలైతే మరీ మంచివి. పనసాకు బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, వేడివేడిగా విప్పి చల్లార్చి చిదిపి పెట్టొచ్చు. నీళ్ళు కాచి చల్లార్చినవే. పళ్ళు తోమించడానికి కూడా అవే.

మందుల దగ్గర ఒక్క విషయం గట్టిగా చెప్తాను. జ్వరం మందు ఇక్కడి నుంచే, దాని సిరంజితో సహా తీసుకెళ్ళండి. ఇక్కడి పిల్లల ఎసిటమినోఫెన్ 5 ఎంఎల్‌లో 160 మిల్లీగ్రాములు. అక్కడ పారాసెటమాల్ పేరుతో దొరికేది ఇదే మందు, కానీ ఒక సీసాలో 5 ఎంఎల్‌కి 120 లేదా 125, ఇంకో సీసాలో 250 ఉంటుంది. డ్రాప్స్ అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100. ఇక్కడి అలవాటుతో డ్రాప్స్ సీసాలోంచి 5 ఎంఎల్ పోశారంటే మూడింతలు దాటిపోతుంది. అక్కడ కొనాల్సి వస్తే చెంచా లెక్క కాదు, పిల్ల బరువుకి ఎన్ని మిల్లీగ్రాములో డాక్టరునడిగి చీటీ మీద రాయించుకోండి. దగ్గు సిరప్పులు నాలుగేళ్ళ లోపు వద్దు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ముందు, తిండి గురించి బెంగ తర్వాత. పిల్ల మూత్రం పోయడం తగ్గినా, మగతగా పడుకున్నా రాత్రని చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బజారు కాటుకల్లో, కుంకుమల్లో సీసం బయటపడిన సందర్భాలున్నాయి. దిష్టి చుక్కకి కూడా అవి వాడొద్దని మామ్మకి ముందే చెప్పండి.

ఇంటి చుట్టూ ఉన్న వాటి గురించి నాకు తిండికన్నా ఎక్కువ భయం. కోనసీమలో చాలా ఇళ్ళకి ముందు పంటకాలువ, వెనక చెరువు. సంక్రాంతినాటికి రెండో పంట దాళ్వా నాట్ల కోసం కాలువల నిండా నీళ్ళుంటాయి. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. గంటకొకరి పేరు చెప్పి అప్పగించండి: "వదినా, ఇప్పుడు పాప నీది." గేటుకి గొళ్ళెం, నూతి మీద మూత, బాత్రూంలో బకెట్టు ఖాళీ. కొబ్బరి చెట్ల కింద మంచం వేసి పడుకోబెట్టొద్దు. పెరట్లో పందెం కోడిని కట్టేసి ఉంటే దాని ముక్కు సరిగ్గా మీ పాప కళ్ళ ఎత్తులో ఉంటుంది, దగ్గరికి పోనివ్వకండి. సాయంత్రం నాలుగున్నర దాటగానే తలుపులు మూసి, రాత్రికి దోమతెర కట్టండి. కుక్క చిన్నగా గీరినా సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

భోగి మంట దగ్గర పాపకి నూలు బట్టలే వెయ్యండి, పాలిస్టర్ పట్టులంగాలు సాయంత్రానికి ఉంచండి. పిడకల దండ మెళ్ళో వేసి, ఎత్తుకుని, దూరం నుంచి మంటలో వేయిస్తే చాలు. పొగలో ఎక్కువసేపు ఉండొద్దు.

సాయంత్రం భోగిపళ్ళు. పాపని పీట మీద తూర్పు ముఖంగా కూచోబెడతారు. రేగిపళ్ళు, చిల్లర డబ్బులు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకలు, అక్షింతలు కలిపి దోసిట్లో తీసుకుని తల చుట్టూ మూడుసార్లు తిప్పి పోస్తారు. పోసిన మరుక్షణం పాప ఏం చేస్తుంది? ఒళ్ళో పడ్డ రేగిపండో రూపాయి బిళ్ళో తీసి నోట్లో పెట్టుకుంటుంది. అందరూ ఫోటోల్లో ఉంటారు, ఎవరూ చూడరు. కాబట్టి పళ్ళెంలో పూరేకలు ఎక్కువ, రేగిపళ్ళు తక్కువ పెట్టించండి, చెరుకు ముక్క పెద్దదిగా కొట్టించండి. పీట కింద పెద్ద దుప్పటి పరిచి, వెనక ఒక మనిషిని రెండు చేతులు పట్టుకోవడానికే కూచోబెట్టండి. హారతి అవగానే పాపని ఎత్తేసి దుప్పటి నాలుగు కొసలూ కలిపి మూటగట్టేస్తే, పళ్ళూ డబ్బులూ బయట పేరంటం పిల్లలకి పంచుకోవచ్చు. పిల్ల జడిసి ఏడిస్తే అమ్మ ఒళ్ళోనే పోయించండి, వేడుకకి ఏ లోటూ రాదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూపించాలని అందరికీ ఉంటుంది. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రులు, వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభల మీద ఆ కొబ్బరి తోటకి వస్తారు. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఆ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని కౌశిక నది నీళ్ళలోంచి భుజాల మీద దాటించడం చూసి తీరాల్సిందే. కానీ ఆ జనంలోకి, ఆ బాణసంచా మోతలోకి రెండేళ్ళ పిల్లని తీసుకెళ్ళకండి. పొద్దున్నే దగ్గరి ఊళ్ళో ప్రభ బయల్దేరే చోటికి వెళ్ళండి. రంగురంగుల గుడ్డలు, గంటలు, నెమలి ఈకలు దగ్గర నుంచి చూస్తుంది, దణ్ణం పెట్టుకుని వచ్చేయొచ్చు. కోడి పందేల బరుల వైపు మాత్రం అసలు వద్దు.

చివరగా చుట్టాలిళ్ళు. భీమవరంలో పెద్దమ్మ, పాలకొల్లులో మేనత్త, కాకినాడలో బాబాయి, అందరినీ చూడాలనే ఉంటుంది. పాపని మాత్రం ఇల్లిల్లూ తిప్పకండి, అటు వారం ఇటు వారం అని అమ్మమ్మ గారింట్లో, మామ్మ గారింట్లో సమంగా ఉంచితే సరిపోతుంది. మిగతా వాళ్ళకి "పిల్లకి ప్రయాణం పడట్లేదండీ, మీరే రెండ్రోజులు వచ్చి ఉండండి" అని చెప్పండి. మన వాళ్ళు నొచ్చుకోరు, అరిసెల డబ్బాతో వచ్చేస్తారు. ఒకే గుమ్మం, ఒకే మంచం, పొద్దున్నే అదే తాతయ్య ముఖం చూస్తే నాలుగో రోజుకి బెరుకు పోతుంది, ఫోన్లో చూసిన మనిషిని చెయ్యి చాచి అందుకుంటుంది. రోజుకో ఇల్లు మారిస్తే ఎవరి దగ్గరికీ పోదు, మీ చంక దిగదు.

తిరిగొచ్చాక డేకేర్‌కి రెండు మూడు రోజులు వ్యవధి ఉండేలా దిగండి. వచ్చిన నెల రోజుల్లో పాపకి జ్వరం వస్తే, డేకేర్ జలుబే అనుకోకుండా, ఇండియాలో పల్లెటూళ్ళో ఉండొచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. మీరు చెప్పకపోతే మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు చెయ్యాలని ఇక్కడి డాక్టర్లకి వాళ్ళంతట వాళ్ళకి తట్టకపోవచ్చు.