కార్ బూట్ సేల్‌లో (కార్ల డిక్కీల్లో పెట్టి పాత సామాన్లు అమ్మే సంతలో) డబ్బాడు పాత ఇంగ్లిష్ పెన్నీలు దొరికాయి. వీటిలో విలువైనవి ఎలా కనిపెట్టాలి?

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. 10 పౌండ్లకు దాదాపు 200 పెన్నీలు కొన్నారు. వాటిలో 1875వి రెండు, 1862ది ఒకటి ఉన్నాయి, ఆ 1862 పెన్నీ లాంటిదాన్నే ఈబేలో ఎవరో 900 పౌండ్లకు పెట్టారు. అన్నీ నల్లగా ఉన్నాయి కాబట్టి తోమాలా అని అడిగారు.

చివరిదానికి ముందు జవాబు చెప్తాను, ఆలస్యమైతే లాభం ఉండదు. తోమకండి. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, పీతాంబరి అసలే వద్దు.

ఇది నా ఇంట్లో జరిగిందే. బర్మింగ్‌హామ్‌లో ఉంటూ పదకొండేళ్లుగా ఈ పెన్నీల పిచ్చిలో ఉన్నాను. ఒక వేసవిలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి ఉంది, దాని మీద ముప్ఫై పెన్నీలు పండక్కి తోమిన రాగి చెంబుల్లా తళతళలాడుతున్నాయి. "ఇంత మురికి బిళ్లలు దాచుకున్నావేంట్రా, చింతపండు, ఉప్పు వేసి ఒక్క పట్టు పట్టాను" అంది సంబరంగా. నేను నాలుగు నెలలు వెతికి పట్టుకున్న 1902 'లో టైడ్' పెన్నీ కూడా వాటిలోనే ఉంది. గులాబీ రంగుకి తిరిగింది. అమ్మని ఏమంటాం? బాగున్నాయమ్మా అన్నాను. తర్వాత ఒక నాణేల ఫెయిర్‌లో డీలర్‌కి చూపిస్తే, చేతిలోకి కూడా తీసుకోకుండా "క్లీన్డ్" అని వెనక్కి జరిపాడు. 40 పౌండ్లకు పోతుందనుకున్నది చివరికి 6 పౌండ్లకు పోయింది. పైన పట్టిన ఆ చాక్లెట్ రంగు పొర పోతే మళ్లీ రాదు. పైగా కొన్ని నాణేలు టంకశాల నుంచే నల్లగా వచ్చాయి. 1897 నుంచి ఫార్దింగులకు (పెన్నీలో పావు వంతు విలువ ఉన్న నాణేలు) కావాలనే నల్ల రంగు పట్టించేవారు, కొత్త ఫార్దింగ్ మెరుస్తూ ఉంటే హాఫ్ సావరిన్ అనే బంగారు నాణెం అనుకుని జనం మోసపోతున్నారని. వాటిని తోమినవాళ్లు అసలు రంగునే తుడిచేస్తున్నారు.

లో టైడ్ అంటే ఏంటో కూడా చెప్తాను, మీ డబ్బాలో 1902వి తప్పకుండా ఉంటాయి. బొరుసు వైపు బ్రిటానియా, అంటే బ్రిటన్‌కి ప్రతీకగా చెక్కిన స్త్రీ, కూర్చుని ఉంటుంది కదా, ఆమె వెనకాల సముద్రం గీత చూడండి. మామూలు 1902లో ఆ గీత ఆమె కాళ్లు ఒకదాని మీద ఒకటి దాటే చోటుకి సరిగ్గా వస్తుంది. లో టైడ్‌లో అంతకంటే కిందికి ఉంటుంది, అంటే సముద్రం ఆటులో ఉన్నట్టు. తేడా ఒక మిల్లీమీటర్ కూడా ఉండదేమో, కానీ ఒకసారి కన్ను పడితే ఇక మర్చిపోరు.

ఈ పనంతా ఇలాంటి తేడాల్లోనే ఉంది. పాతది అయినంత మాత్రాన ధర రాదు. 1862 పెన్నీలు 5 కోట్ల దాకా కొట్టారు, అరిగినవి ఇక్కడ డీలర్ల దగ్గర చిల్లర డబ్బాలో ఉంటాయి. ఆ 900 పౌండ్లు అమ్మేవాడి ఆశ, అంతే. ఈబేలో 'సోల్డ్' అనే ఫిల్టర్ పెట్టి చూడండి, నిజంగా చేతులు మారిన ధరలు కనిపిస్తాయి. నవ్వొచ్చే విషయం ఏంటంటే, 1862లోనే నిజంగా అరుదైన రకం ఒకటుంది. హాఫ్‌పెన్నీకి వాడే చిన్న అంకెలతో పెన్నీ మీద తేదీ కొట్టేశారు. మీ 1862ని మరో 1860ల పెన్నీ పక్కన పెట్టి అంకెల సైజు పోల్చండి. మామూలుదే అయ్యుంటుంది, అయినా చూడటానికి ఖర్చేం లేదు.

అసలు ఇన్ని రకాలు ఎందుకు వచ్చాయంటే, 1860లో రాగి పెన్నీని తీసేసి కంచు పెన్నీ తెచ్చారు. పాతది దాదాపు 19 గ్రాములు, కొత్తది 9.4 గ్రాములు. 95 పాళ్లు రాగి, 4 తగరం, 1 జింక్. కొత్త లోహం, కొత్త బొమ్మ, కోట్లలో నాణేలు కావాలి. అచ్చులు, అంటే డైలు, పగిలిపోతూనే ఉండేవి. పగిలినప్పుడల్లా కొత్తవి చెక్కారు, డిజైన్ కొద్దిగా మార్చారు, చేతితో పంచ్ చేసిన అంకె తప్పు పడితే దాని మీదే ఇంకోటి కొట్టారు. 1861లో ఒక రకంలో 6 కింద 8 తొంగిచూస్తుంటుంది, అది ఇలా వచ్చిందే. 1860 ఒక్క ఏడాదిలోనే పదికి పైగా రకాలు తేలాయి. మొదటగా చూడాల్సింది అంచు. లోపలి వరసలో గుండ్రటి పూసలున్నాయా, సన్నటి పళ్లలాంటి గీతలున్నాయా? పూసలవి తక్కువ. ఒక వైపు పూసలు, మరో వైపు పళ్లు ఉన్నదైతే ఇక ఊపిరి బిగబట్టి నాకు ఫోటో పెట్టండి. మైకేల్ ఫ్రీమన్ అనే ఆయన ఈ కంచు నాణేల బొమ్మ రకాన్నీ, బొరుసు రకాన్నీ జతపరచి నంబర్లిచ్చాడు. వేలాల్లో, అమ్మకాల్లో ఫ్రీమన్ నంబరుతోనే మాట్లాడతారు. సంవత్సరంతో వెతికితే మీకు ఏమీ దొరకదు, నంబరుతో వెతకండి.

ఇక నా నిద్ర పాడుచేసిన కథ. 1882లో లండన్ టవర్ హిల్‌లోని టంకశాలకు మరమ్మతులు జరుగుతున్నాయి, అందుకని ఆ ఏడు పెన్నీలన్నీ దాదాపుగా బర్మింగ్‌హామ్‌లో హీటన్ కంపెనీయే కొట్టింది. గుర్తుగా తేదీ కింద చిన్న హెచ్ అక్షరం ఉంటుంది. హెచ్ లేని 1882 చాలా చాలా అరుదు. ఒక రాత్రి పదకొండింటికి నా చేతికి హెచ్ లేని 1882 వచ్చింది. గుండె దడదడలాడింది, మా ఆవిడని లేపాను, ఆవిడ "రేపు చూద్దాం పడుకోండి" అంది. పడుకుంటే కదా! టెన్షన్‌తో తెల్లారేదాకా దొర్లాను. పొద్దున పది రెట్లు పెంచి చూపే భూతద్దం కింద, లైటు పక్క నుంచి వాలుగా పడేటట్టు పెట్టి తిప్పాను. తేదీ కింద సన్నటి నీడ ఒకటి నిలువుగా కనిపించింది. హెచ్ అక్షరం ఎడమ కాలు. అరిగిపోయింది, అంతే. కొన్నింటిని కావాలని గీకేస్తారు కూడా, అప్పుడు ఆ చోట లోహం చుట్టుపక్కల కంటే పల్చగా, గీతలతో ఉంటుంది. అరిగిపోయిన 1882ని ఎవరైనా "నో హెచ్" అని అమ్మితే దండం పెట్టి వచ్చేయండి.

ఆ హీటన్ టంకశాల మా ఊళ్లోనే ఐక్‌నీల్డ్ స్ట్రీట్‌లో ఉండేది, ముందు భాగం ఇప్పటికీ నిలిచి ఉంది. నేను బస్సులో ఎన్నోసార్లు దాటుతాను, ప్రతిసారీ తల తిప్పి చూస్తాను. 1918, 1919 పెన్నీల్లో తేదీకి ఎడమ పక్కన హెచ్ గానీ కె.ఎన్. గానీ ఉందేమో చూడండి. కె.ఎన్. అంటే కింగ్స్ నార్టన్, అది కూడా ఈ ఊరి కంపెనీయే. అవి సరిగ్గా అచ్చు పడక మొహం మాసిపోయినట్టు ఉంటాయి, కాబట్టి రాజు బొమ్మని చూసి అరిగిందని పారేయకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 1895లో బ్రిటానియా త్రిశూలం, పెన్నీ అన్న మాటలోని పి అక్షరం మధ్య దూరం సాధారణంగా 1 మిల్లీమీటర్. 2 మిల్లీమీటర్లుంటే పక్కన పెట్టండి. 1926లో రాజు మెడ కింద శిల్పి బెర్ట్రమ్ మెకెన్నల్ పొడి అక్షరాలుంటాయి. వాటి మధ్య చుక్కలు లేకపోతే అది మార్చిన బొమ్మ, మంచి ధర ఉంది. 1950లో 2,40,000, 1951లో 1,20,000 మాత్రమే కొట్టారు, చాలావరకు బెర్ముడాకు పోయాయి. 1967వి మాత్రం 65 కోట్లకు పైగా ఉన్నాయి, వాటిని పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చేయొచ్చు.

1933 కోసం వెతుకుతారని తెలుసు, అందరూ వెతుకుతారు. ఆ ఏడు బ్యాంకుల్లో పెన్నీలు చాలినన్ని ఉండటంతో ఏడెనిమిది మాత్రమే కొట్టారు, కొన్ని కొత్త భవనాల శంకుస్థాపన రాళ్ల కింద పెట్టారు. 1970లో లీడ్స్‌లోని ఒక చర్చిలో దొంగలు రాయి పెకిలించి కింద ఉన్న 1933 పెన్నీని ఎత్తుకుపోయారు. ఆ భయంతో ఇంకో చర్చి కింద ఉన్నదాన్ని బిషప్ గారే తీయించి అమ్మించారు. మీ డబ్బాలో 1933 కనిపిస్తే, చివరి అంకెని భూతద్దంలో చూడండి. 5ని గీకి 3 చేసినవి చాలా తిరుగుతున్నాయి.

ధర విషయంలో నేను మొదట్లో పొరపడింది గ్రేడ్ల దగ్గర. ఇక్కడ 'ఫైన్' అంటే బాగుంది అని కాదు, బాగా అరిగింది అని. దాని మీద వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, ఆ పైన వాడనిది. ఒకే పెన్నీకి ఈ చివర నుంచి ఆ చివరకి ధర వంద రెట్లు మారొచ్చు. నేను వెరీ ఫైన్ అనుకున్నవన్నీ డీలర్ ఫైన్ కింద రాశాడు, అతనిదే నిజం. విక్టోరియా జుట్టు ముడి మీద వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయా అనేది నా కొలత. కేటలాగులో రాసింది డీలర్ అమ్మే ధర, మీరు అమ్మేటప్పుడు అందులో సగం వచ్చినా సంతోషించండి. వేలంలో కొంటే సుత్తి పడ్డ ధర మీద 20 శాతం పైనే కమిషన్ వేస్తారు, అది ముందే లెక్కలో వేసుకోండి.

వార్తల్లో వచ్చే 'అరుదైన నాణెం' హడావుడిని కూడా పట్టించుకోకండి. 1887లో ఒక సిక్స్‌పెన్స్ (ఆరు పెన్నీల వెండి నాణెం) డిజైన్ బంగారు హాఫ్ సావరిన్‌ని పోలి ఉండటంతో, జనం బంగారు పూత పూసి చెలామణి చేశారు. టంకశాల దాన్ని ఉపసంహరించుకుంది. ఉపసంహరించారనగానే అందరూ తలా ఒకటి దాచిపెట్టుకున్నారు, అందుకే ఇవాళ అది మంచి స్థితిలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది.

మీరు 200 పెన్నీలు ఒక వారాంతం కూర్చుని సంవత్సరాల వారీగా కుప్పలు పెట్టండి. 1860 నుంచి 1882 దాకా ఉన్నవి విడిగా కాగితం పాకెట్లలో పెట్టండి, పీవీసీ కవర్లు వద్దు, వాటితో నాణేలకు పచ్చటి జిగట పడుతుంది. 1875వి రెండు ఉన్నాయని రాశారు కదా. ముందు వాటి తేదీ కింద హెచ్ ఉందేమో చూడండి. ఉంటే అరిగినదైనా పదుల పౌండ్లు పలుకుతుంది. కింద కామెంట్లో రెండు వైపుల ఫోటోలు పెట్టండి, కిటికీ దగ్గర వెలుతురులో తీయండి, ఫ్లాష్ వేయకండి.